సారె మీద సైకిల్ చక్రం కుదిరింది, రోడ్డు మీద ట్రాక్టరు కుదరలేదు: కదిలే లక్ష్యానికి రాడార్ చిత్రం

ఎడమకాల్వ_గట్టు
మిర్యాలగూడ పక్క పల్లెలో ఉంటూ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నా ప్రాజెక్టు అంశం ఐసార్, అంటే రాడార్‌ను ఒకచోట కదలకుండా ఉంచి, ఎదుటి వస్తువు కదలిక నుంచే దాని చిత్రాన్ని రాబట్టడం. కార్లలో అమర్చే రకానికి చెందిన 77 గిగాహెర్ట్జ్ రాడార్ మాడ్యూల్ ఒకటి నా దగ్గర ఉంది. మా మామ ఇంట్లో వాడకం తప్పిన కుమ్మరి సారెకు నెమ్మదిగా తిరిగే మోటారు బిగించి, దాని మీద ఒక సైకిల్ చక్రాన్నీ రెండు కొడవళ్లనూ ఉంచి తిప్పితే, కొడవలి వంపు కూడా తెలిసేంత చక్కటి చిత్రం వచ్చింది.

ఆ ధైర్యంతోనే మిల్లుకు వడ్లు తోలే ట్రాక్టర్లను పట్టాలని, మా ఊరి రోడ్డు మలుపులో ఉన్న ఒక గది పిట్టగోడ మీద మాడ్యూల్‌ను పెట్టి, ఒక్కో బండికి రెండు సెకన్ల డేటా తీసుకున్నాను. నాలుగు బండ్లకూ వాన పడ్డ ముగ్గులాంటి మరకే మిగిలింది. మాడ్యూల్ ఈ పనికి చాలదని, అంశాన్నే మార్చుకోమని గైడ్ అంటున్నారు. మూడు నెలలు దీని మీదే ఉన్నాను కాబట్టి వదలబుద్ధి కావడం లేదు. సారె మీద పనిచేసిన పరికరం రోడ్డు మీద ఎందుకు పనిచేయదు?

పిల్లలమర్రి_నీడ
ట్రాక్టరు మీ వైపు నేరుగా వచ్చిందా, మీ ముందు నుంచి అడ్డంగా పోయిందా? అది తెలియకుండా మాడ్యూల్‌ను తప్పు పట్టడం తొందరపాటు.

ఎడమకాల్వ_గట్టు
నేరుగా నా వైపే వచ్చింది. మలుపులో ఉంటే బండి ఎక్కువసేపు కనిపిస్తుందని ఆ చోటు ఎంచుకున్నాను. బ్యాండ్‌విడ్త్, అంటే రాడార్ పంపే పౌనఃపున్యాల వెడల్పు, పూర్తిగా 4 గిగాహెర్ట్జ్ వాడాను.

పిల్లలమర్రి_నీడ
అయితే సగం జవాబు మీ మాటలోనే ఉంది. చిత్రానికి రెండు దిశలు కావాలి. దూరం దిశలో ఎంత సన్నగా విడదీయగలమన్నది బ్యాండ్‌విడ్త్ నిర్ణయిస్తుంది: కాంతి వేగాన్ని బ్యాండ్‌విడ్త్‌కు రెట్టింపుతో భాగించాలి. 4 గిగాహెర్ట్జ్‌కు 3.75 సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి అక్కడ మీకు లోటేమీ లేదు. అడ్డు దిశ సంగతి వేరు. అక్కడ విడదీసే శక్తి, మీరు చూస్తున్నంతసేపట్లో వస్తువు రాడార్ చూపుకు ఎంత కోణం తిరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది: తరంగదైర్ఘ్యాన్ని ఆ కోణానికి రెట్టింపుతో, రేడియన్లలో, భాగించాలి. సారె మీద చక్రం తిరిగింది కాబట్టి దాని ఒక అంచు మీ వైపు వస్తుంటే మరో అంచు దూరం పోయింది, ఆ రెండు అంచుల డాప్లర్ (కదలిక వల్ల తిరిగొచ్చే తరంగపు పౌనఃపున్యంలో మార్పు) తేడా నుంచి అడ్డు దిశ పుట్టింది. నేరుగా ఎదురొచ్చే ట్రాక్టరు ఎంత వేగంగా వచ్చినా చివరిదాకా ముఖం ఒక్కటే చూపిస్తుంది. దాని భాగాలన్నీ ఒకే వేగంతో మీ వైపు వస్తున్నప్పుడు వాటిని పక్కపక్కన పేర్చే ఆధారమేదీ రాడార్‌కు దొరకదు.

కోయిల్‌సాగర్
ఈ చిత్రణ గురించి చదివిన చోటల్లా ‘సహకరించని లక్ష్యం’ అన్న మాట కనిపిస్తుంది. అది శత్రు విమానాన్ని ఉద్దేశించిన మాట అనుకున్నాను. మన ఊరి ట్రాక్టరుకు ఆ పేరు తగులుతుందా?

పానగల్లు_తూము
తగులుతుంది. శత్రుత్వంతో ఆ మాటకు పని లేదు. తాను ఎక్కడ ఉన్నదీ, ఎంత వేగంతో ఎటు తిరుగుతున్నదీ రాడార్‌కు చెప్పని ప్రతి వస్తువూ సహకరించని లక్ష్యమే. మోటారు ఎంత వేగంతో తిరుగుతుందో ముందే తెలుసు కాబట్టి సారె మీది చక్రం సహకరించే లక్ష్యం. కాడి మరిగిన ఎద్దును దున్నించడానికీ, కొత్త కోడెతో దున్నించడానికీ ఉన్నంత తేడా ఈ రెండింటికీ ఉంటుంది.

యూరోపు వారి ఎన్విశాట్ ఉపగ్రహం 2012 ఏప్రిల్‌లో ఒక్కసారిగా మూగబోయింది. తమ సొంత ఉపగ్రహమే ఆ రోజు నుంచి సహకరించని లక్ష్యమైంది. అప్పుడు జర్మనీలోని వాఖ్ట్‌బెర్గ్ దగ్గర ఉన్న 34 మీటర్ల పళ్లెం గల టీరా రాడార్‌తో దాని చిత్రాలు తీసి, అది ఏ భంగిమలో ఉందో పరిశీలించారు. చైనా వారి తియాంగోంగ్-1 అదుపు తప్పి 2018 ఏప్రిల్ 2న వాతావరణంలోకి పడిపోయే ముందు కూడా అదే రాడార్ దాని చిత్రాలు తీసింది. ఆ రెండు లక్ష్యాలూ తమ తిరుగుడు గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతా ప్రతిఫలనాల నుంచే లెక్కగట్టారు.

నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో సముద్రం మీది లక్ష్యాలతో పనిచేశాను కాబట్టి విద్యార్థికి ఒక మాట చెప్పాలి. వస్తువు కదలికను రెండుగా విడదీసి చూడడం అలవాటు చేసుకోండి. మొత్తంగా ముందుకు సాగడం ఒకటి, తనలో తాను తిరగడం మరొకటి. చిత్రాన్ని ఇచ్చేది రెండోది, చెరిపేది మొదటిది. 20 కిలోమీటర్ల దూరంలో మన ముందు నుంచి అడ్డంగా సెకనుకు 200 మీటర్ల వేగంతో పోయే విమానాన్ని తీసుకోండి. మన చూపుకు అది సెకనుకు 0.01 రేడియన్ తిరిగినట్టు లెక్క. మధ్య నుంచి 15 మీటర్ల దూరంలో ఉన్న రెక్క కొస వల్ల, 3 సెంటీమీటర్ల తరంగానికి వచ్చే డాప్లర్ 10 హెర్ట్జ్ మాత్రమే. అదే విమానం మన వైపు తిరిగితే దాని సాగుడు వల్ల వచ్చే డాప్లర్ 13,000 హెర్ట్జ్ దాటుతుంది. మామూలుగా లక్ష్యం ఈ రెండింటి మధ్య ఏటవాలుగా పోతుంది కాబట్టి, వేల హెర్ట్జ్‌లను కచ్చితంగా తీసేసిన తర్వాతే ఆ పది హెర్ట్జ్‌లు కనిపిస్తాయి. ఐసార్‌లో కష్టమంతా ఆ తీసివేతలోనే ఉంది.

దేవరకొండ_గుట్ట
పిల్లలమర్రి_నీడ గారి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. నేరుగా వచ్చే బండి అసలు తిరగదనడం నున్నటి రోడ్డుకు చెల్లుతుంది గానీ మన పల్లె రోడ్లకు చెల్లదు. గుంతలో దిగి లేచిన ప్రతిసారీ ట్రాక్టరు ముక్కు లేస్తుంది, వంగుతుంది. అది కూడా తిరగడమే కదా? ఓడల చిత్రాలు అలాగే తీస్తారని విన్నాను.

పానగల్లు_తూము
మీరు విన్నది నిజమే. ఓడ ముక్కు మన వైపు ఉండి అలల మీద ముందువెనుకలకు ఊగితే, పక్క నుంచి గీసినట్టు స్తంభాలూ గదులూ నిలువుగా కనిపించే చిత్రం వస్తుంది. అదే ఓడ ముక్కును కుడియెడమలకు తిప్పితే పైనుంచి చూసినట్టు వస్తుంది. ఓడ పక్క మన వైపు ఉండి అటూఇటూ ఒరిగితే, దాని ముందు నిలబడి చూసినట్టు వస్తుంది. ఏ ఊపు వల్ల వచ్చిన చిత్రమో తెలియకపోతే దాన్ని చదవడం కూడా తెలియదు. మన నౌకాదళం 2013 నుంచి నడుపుతున్న పి-8ఐ గస్తీ విమానపు రాడార్‌లోనూ ఐసార్ సౌకర్యం ఉంది.

అయితే ఓడ ఊగడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది, ఆ ఊపు నిదానంగా, ఒక క్రమంలో ఉంటుంది. అందులో మంచి ఘడియను ఏరుకోవడమే మా పనిలో పెద్ద భాగం. గుంతలో పడ్డ ట్రాక్టరు కుదుపుకు అలాంటి క్రమం ఉండదు. పైగా ట్రాలీ ఒక తీరుగా, ఇంజిను ఒక తీరుగా ఊగుతాయి. కొక్కెం దగ్గర విడివిడిగా కదిలే రెండు వస్తువులకు ఒకే కదలిక అంటగడితే ఒకటి కుదిరినప్పుడు రెండోది చెదురుతుంది. నేర్చుకునే వారికి ఆ దారి నేను సూచించను.

గద్వాల_అంచు
ఇంత కష్టం ఎందుకు? డ్రైవర్ జేబులో జీపీఎస్ నమోదు చేసే ఫోను ఒకటి ఉంచితే బండి ఎక్కడుందో క్షణక్షణం తెలుస్తుంది.

దేవరకొండ_గుట్ట
అప్పుడది సహకరించే లక్ష్యమవుతుంది. సహకరించని వస్తువును పట్టడమన్న అసలు సవాలే పోతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఫోను జీపీఎస్ కొన్ని మీటర్ల అటూఇటూగా చెబుతుంది. ఇక్కడ కావలసిన కచ్చితత్వం ఎంతో చూడండి: సర్దుబాటులో పొరపాటు తరంగదైర్ఘ్యంలో పదహారో వంతు దాటితే చిత్రం చెదరడం మొదలవుతుంది. 77 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 3.9 మిల్లీమీటర్లు. అందులో పదహారో వంతు పావు మిల్లీమీటరు కూడా ఉండదు. మీటర్లలో తప్పు చెప్పే పరికరం పావు మిల్లీమీటరు పనికి ఏం సాయపడుతుంది?

గద్వాల_అంచు
ఒప్పుకుంటున్నాను. ఆ కచ్చితత్వం ప్రతిఫలనం నుంచే రావాలి. ఎలా వస్తుందో ఎవరైనా విడమరిచి చెబితే నాకూ ఉపయోగం.

పిల్లలమర్రి_నీడ
నేను పాఠం చెప్పే క్రమంలోనే చెబుతాను. మొదట ప్రతి చిర్ప్‌కూ (రాడార్ ఒక్కోసారి పంపే, పౌనఃపున్యం మారుతూ పోయే తరంగానికి) వచ్చిన దూరపు రేఖను, అంటే ఏ దూరం నుంచి ఎంత ప్రతిఫలనం వచ్చిందో చూపే గీతను, దాని ముందు రేఖతో పోల్చి, రెండూ బాగా కలిసే చోటికి జరపాలి. దానితో ట్రాక్టరు ముందుభాగం అన్ని రేఖల్లోనూ ఒకే గడిలో, అంటే రాడార్ విడదీయగల ఒకే దూరపు మెట్టులో, నిలుస్తుంది. ఇది గడి వెడల్పు మేరకు జరిగే ముతక సర్దుబాటు. మిగిలిపోయిన మిల్లీమీటర్ల తేడా ఫేజ్‌లో, అంటే తిరిగొచ్చిన తరంగం తన ఊపులో ఏ దశలో ఉందన్న దానిలో, దాగి ఉంటుంది. దాన్ని పట్టడానికి ఒక దారి, ఒంటరిగా బలంగా మెరిసే బిందువును ఎంచుకుని దాని ఫేజ్ స్థిరంగా ఉండేలా అన్నింటినీ సరిచేయడం. ట్రాలీ మూలలోని ఇనుప కోణం లాంటిది ఇందుకు బాగుంటుంది. మరో దారి, రకరకాల సర్దుబాట్లు వేసి చూసి, చిత్రం ఎంట్రోపీ ఎక్కడ అతి తక్కువగా ఉంటే దాన్నే తీసుకోవడం. వెలుగు కొన్ని చుక్కల్లోకి చేరేకొద్దీ ఎంట్రోపీ తగ్గుతుంది, మరకలా పరుచుకునేకొద్దీ పెరుగుతుంది.

ఇక చోటు గురించి. రోడ్డుకు 20 మీటర్ల దూరంలో పొలం గట్టు మీద కూర్చుని, మీ ముందు నుంచి అడ్డంగా పోయే బండిని పట్టండి. గంటకు 18 కిలోమీటర్లు, అంటే సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతే అది మీ చూపుకు సెకనుకు 0.25 రేడియన్ తిరుగుతుంది. 10 సెంటీమీటర్ల అడ్డు విభజనకు ఒక డిగ్రీ చిల్లర చాలు, అది 0.08 సెకనులో వచ్చేస్తుంది. ఆ చోట మీరు రెండు సెకన్ల డేటా మొత్తాన్ని ఒక్క చిత్రంలోకి నెట్టితే, దాదాపు 28 డిగ్రీల తిరుగుడును ఒకే ఫూరియే మార్పిడిలో (సంకేతాన్ని పౌనఃపున్యాలుగా విడదీసే లెక్కలో) కుక్కినట్టవుతుంది. ప్రతి బిందువూ ఎన్నో గడులు దాటి పోతుంది. 4 గిగాహెర్ట్జ్ వెడల్పు కూడా అవసరం లేదు. 1.5 గిగాహెర్ట్జ్ పెట్టుకుంటే దూరంలోనూ 10 సెంటీమీటర్లే వస్తుంది, 256 నమూనాలతో 25 మీటర్ల వరకు చూడవచ్చు.

ఎడమకాల్వ_గట్టు
ఎక్కువ డేటా తీసుకుంటే మంచి చిత్రం వస్తుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. 0.08 సెకను చాలన్న లెక్క నా చేత్తో వేసి చూసుకున్నాను, సరిపోయింది. ఈ వారమే గట్టు మీదికి మారుస్తాను.

దేవరకొండ_గుట్ట
మార్చే ముందు ఇంకొకటి గమనించండి. పిల్లలమర్రి_నీడ గారి లెక్కలన్నీ లక్ష్యం చాలా దూరంలో ఉందన్న ఊహ మీద నిలబడ్డాయి. ట్రాక్టరూ ట్రాలీ కలిపి 7 మీటర్ల పొడవు అనుకుంటే, 20 మీటర్ల దగ్గర దాని కొసలు మధ్యభాగం కంటే 30 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాయి. మీ గడి 10 సెంటీమీటర్లు. తిన్నటి ట్రాలీ పలక చిత్రంలో విల్లులా వంగి కనిపిస్తే దాన్ని లోపమని భయపడకండి.

పిల్లలమర్రి_నీడ
మంచి సవరణ, నేను వదిలేసిన సంగతి ఇది. అందువల్ల ఈ చోటుకు ఫూరియే కంటే, నేల మీద ప్రతి చుక్కకూ కచ్చితమైన దూరాన్ని లెక్కగట్టి కూడే బ్యాక్‌ప్రొజెక్షన్ మేలు. బండి తిన్నగా ఒకే వేగంతో పోతుందనుకుంటే తెలియనివి వేగమూ దిశా మాత్రమే. సెకనుకు 3 నుంచి 8 మీటర్ల వరకు ఒక్కో వేగాన్నీ వేసి చూసి, ఎంట్రోపీ తగ్గిన దాన్ని తీసుకోండి.

షాద్‌నగర్_చూపు
మా దగ్గర ఇదే కథ తలకిందులుగా ఉంటుంది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ దూరసంవేదన కేంద్రం) భూకేంద్రం ఉన్న ఊరివాణ్ని, ఉపగ్రహ రాడార్ చిత్రాలను పరిశీలించడం నా వ్యాపకం. ఉపగ్రహ రాడార్ తాను కదులుతూ, నేల కదలదన్న నమ్మకంతో చిత్రం కూరుస్తుంది. ఆ నమ్మకాన్ని వమ్ము చేసే వస్తువును తప్పు చోట పెడుతుంది. తప్పు ఎంతంటే, లక్ష్యానికి ఉన్న దూరాన్ని ఉపగ్రహ వేగంతో భాగించి, లక్ష్యం రాడార్ వైపు కదిలే వేగంతో గుణించాలి. 693 కిలోమీటర్ల ఎత్తున తిరిగే యూరోపు వారి రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1కు ఏటవాలు దూరం 850 కిలోమీటర్లు, వేగం సెకనుకు 7.5 కిలోమీటర్లు అనుకుందాం. బీబీనగర్–నడికుడి మార్గంలో పోయే రైలుకు రాడార్ దిశలో సెకనుకు 10 మీటర్ల వేగం ఉంటే, అది పట్టాలకు కిలోమీటరుకు పైగా దూరంలో వరి మళ్లలో పోతున్నట్టు పడుతుంది. సముద్రంలో ఓడ ఒకచోట, దాని వెనుక నీటి చాలు మరోచోట కనిపించడం కూడా అందువల్లనే. ఆ ఎడం కొలిచే ఓడ వేగాన్ని లెక్కగడతారు.

విద్యార్థికి నా సలహా ఏమిటంటే, ఫోను కెమెరాతో అదే సమయంలో వీడియో తీసి పెట్టుకోండి. చిత్రంలో ఏ మెరుపు ఏ భాగానిదో తర్వాత గుర్తించడానికి అంతకంటే తేలికైన సాక్ష్యం లేదు.

కోయిల్‌సాగర్
ఉపగ్రహాల వారు వాడే ఈ పద్ధతిని (సింథటిక్ అపర్చర్ రాడార్) అందరూ ‘సార్’ అని రాస్తుంటే పాఠం చెప్పే సార్‌తో కలిసిపోతోంది. ఎస్‌ఏఆర్ అని రాయవచ్చా?

షాద్‌నగర్_చూపు
రాయవచ్చు. ఆ చిక్కు వల్లనే పైన నేను ఆ పేరు తీయకుండా రాశాను.

ఎడమకాల్వ_గట్టు
గట్టు మీది నుంచి తొమ్మిది బండ్లను పట్టాను. ఒక్కో దానికి రెండు సెకన్ల డేటా తీసి, బండి సరిగ్గా ముందుకు వచ్చిన 0.08 సెకనును మాత్రమే వాడాను. ఆరు బండ్లకు చిత్రం వచ్చింది. ట్రాలీ పక్క పలక, దాని నిలువు ఊచలు ఒక్కొక్కటిగా, ముందు చక్రం మధ్యభాగం, కొక్కెం దగ్గరి ఖాళీ, అన్నీ వీడియోతో సరిపోయాయి. దేవరకొండ_గుట్ట గారు చెప్పిన విల్లు వంపు ఫూరియే చిత్రంలో కనిపించింది, బ్యాక్‌ప్రొజెక్షన్‌లో పోయింది. మొదటి చిత్రం తెర మీద కనిపించినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు సంగతులు అర్థం కాలేదు. ఇంజిను ఉన్నచోట మాత్రం అడ్డంగా సాగిన మరకే ఉంది. రెండోది, మా చిన్నాన్న ట్రాలీని టేపుతో కొలిస్తే 5.9 మీటర్లు ఉంది, అదే ట్రాలీ చిత్రంలో 6.4 మీటర్లు వచ్చింది. ఎంట్రోపీ ఇచ్చిన వేగం సెకనుకు 4.6 మీటర్లు. చిత్రం ఇంత స్పష్టంగా ఉండి కొలత తప్పడం ఎలా?

పానగల్లు_తూము
మరకకు కారణం వణుకు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజిను సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. మీ 0.08 సెకనులో బానెట్ రెండుసార్లు పూర్తిగా వణుకుతుంది. ఆ వణుకు పావు మిల్లీమీటరు దాటిందంటే మీ తరంగానికి అది పెద్ద కదలికే. 3 సెంటీమీటర్ల రాడార్ అయితే దాన్ని పట్టించుకునేది కాదు, ఎందుకంటే అక్కడ హద్దు దాదాపు 2 మిల్లీమీటర్లు. హెలికాప్టర్ రెక్కలు చిత్రానికి అడ్డంగా గీతలు గీయడం కూడా ఈ జాతి చిక్కే. దాన్ని మైక్రో డాప్లర్ అంటారు. ఆ మరకను పారేయకండి, ఇంజిను వేగం అందులోనే ఉంది.

పిల్లలమర్రి_నీడ
కొలత సంగతి నేను చెబుతాను, ఎందుకంటే వేగాన్ని ఎంట్రోపీతో వెతకమన్నది నేనే. అడ్డు దిశ కొలబద్ద మనం ఊహించిన వేగం మీద ఆధారపడుతుంది. వేగాన్ని తక్కువ అనుకుంటే పొడవు ఎక్కువ వస్తుంది. మరి వేగం తప్పితే చిత్రం మసకబారాలి కదా అని మీరు అడుగుతారు. 0.08 సెకనులో బండి మధ్య నుంచి అటు 20, ఇటు 20 సెంటీమీటర్లు కదిలింది. ఆ కొసల్లో వంపు వల్ల పెరిగే దూరం ఒక మిల్లీమీటరు. వేగంలో 8 శాతం తప్పు ఆ మిల్లీమీటరులో 16 శాతం తప్పు అవుతుంది, అంటే 0.16 మిల్లీమీటరు. మన హద్దు 0.24 మిల్లీమీటరు. కాబట్టి తప్పు వేగంతోనూ చిత్రం దాదాపు అంతే స్పష్టంగా వస్తుంది, ఎంట్రోపీ ఆ తేడాను పట్టలేదు. సహకరించని లక్ష్యం పొడవును చిత్రం స్పష్టతను చూసి నమ్మరాదని నా విద్యార్థులకు ఏటా చెబుతాను. మీకు ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

గద్వాల_అంచు
మిగిలిన డేటా ఉంది కదా. 0.08 సెకను వాడి పక్కన పెట్టిన ఆ రెండు సెకన్లలో, మధ్యలో 20 మీటర్ల దూరంలో ఉన్న బండి రెండు కొసల్లోనూ 20.6 మీటర్లకు పోతుంది. ఆ దూరాల వంపుకు ఒక గీత అమరిస్తే వేగం దానంతట అదే వస్తుంది. 62 సెంటీమీటర్ల మార్పులో 16 శాతం అంటే 10 సెంటీమీటర్లు, ఒక గడి అంత. అది కంటికే కనిపిస్తుంది. రెండు సెకన్లు చిత్రానికి పనికిరాకపోయినా వేగానికి పనికొస్తాయి.

దేవరకొండ_గుట్ట
గద్వాల_అంచు గారి మాట బాగుంది. అయితే ఆ గీతను ట్రాలీ మూలలాంటి ఒకే బిందువుకు అమర్చండి. బండి ముందుకు సాగేకొద్దీ బలంగా మెరిసే చోటు మారుతుంది, దాన్ని వెంబడిస్తే వంపు తప్పుతుంది.

పానగల్లు_తూము
జీపీఎస్ ఫోనును కూడా ఈసారి పెట్టించండి. చిత్రం తీయడానికి వాడకండి, వచ్చిన వేగాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే. రెండు సెకన్ల ప్రయాణానికి కాక, అంతకు ముందూ వెనుకా అర కిలోమీటరుకు సగటు తీస్తే అది చెప్పే వేగం నమ్మదగ్గదే.

ఎడమకాల్వ_గట్టు
ట్రాలీ వెనుక మూలకు గీత అమర్చాను. వేగం సెకనుకు 5.0 మీటర్లు వచ్చింది. ఆ వేగంతో మళ్లీ చిత్రం కూరిస్తే ట్రాలీ పొడవు 5.9 మీటర్లు. ఎంట్రోపీ మాత్రం పిల్లలమర్రి_నీడ గారు చెప్పినట్టు దాదాపు మారలేదు. రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి గైడ్‌కు చూపించాను. అంశం మార్చమన్న మాట వెనక్కి తీసుకుని, ఇంజిను మరక మీద ఒక అధ్యాయం రాయమన్నారు. యాసంగి కోతలు మొదలయ్యాక నిండు వడ్ల బండినీ ఖాళీ బండినీ ఒకే చోట పట్టి, బరువును బట్టి ఆ వణుకు మారుతుందేమో చూసి ఇక్కడే రాస్తాను.